ఏడో నంబరింటి శుభ్రమైన మురుగు

మూలకుళంలో జయలక్ష్మమ్మ ఇంటికి ఎవరైనా రావాలంటే ముందురోజే చెప్పి రావాలి. వంట కోసం కాదు, కడగడం కోసం. వచ్చేవాళ్ళు వచ్చేలోపల వాకిలి, వసారా, బాత్రూము, బాత్రూములో బకెట్టు, ఆ బకెట్టు అడుగు, అన్నీ తోమి ఆరబెడుతుంది. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ మొదలు. వచ్చినవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు, యాడ ఏం తొక్కి వచ్చారో ఎవరికి తెలుసు? మొగుడు కుప్పుస్వామి పెళ్ళయిన కొత్తలో ఒకటి రెండు మాట్లు నవ్వాడు. తర్వాత నోరు మూసుకుని కాళ్ళు కడుక్కోవడం నేర్చుకుని బతికిపోయాడు.

వాళ్ళు ఆ ఊళ్ళో పాతుకుపోయిన తెలుగువాళ్ళు. ఎప్పుడొచ్చారో, ఎందుకొచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒకప్పుడు పొలాలుండేవి, ఇప్పుడు ఆ పొలాలే ఇళ్ళ స్థలాలై నంబర్లు పెట్టుకున్నాయి. ఇంట్లో తెలుగు, గేటు దాటితే తమిళం. తెలుగు చదవడం ఎవరికీ రాదు గానీ, తిట్టుకోవాలన్నా దేవుడికి మొక్కుకోవాలన్నా ఆ భాషే కావాలి. జయలక్ష్మమ్మకి ఆ రెండూ రోజూ ఉండే పనులే.

ఆమెకి లోకంలో అన్నిటికంటే ముఖ్యమైనది పెరట్లో మల్లె పందిరి. అత్తగారు నాటింది. తమిళుల ఆషాఢం, ఆడి నెల ఆఖరి శుక్రవారం వీధి చివర గుళ్ళో ద్రౌపదమ్మకి మొదటి మాల ఆ పందిరి పూలతోనే పడాలి. అది ఆ ఇంటి హక్కు. కొన్న పూలు పనికిరావు, సొంత చెట్టువే కావాలి. ఒక్క ఏడు తప్పిందా, ఆ వంతు ఇంకో ఇంటికి పోతుంది. అత్తగారు పోతూ పోతూ కోడలి చెయ్యి పట్టుకుని నగల సంగతి చెప్పలేదు, కొడుకు సంగతి చెప్పలేదు, "పందిరి చూసుకోయే" అని చెప్పి కన్ను మూసింది. ఆ కొడుకు కుప్పుస్వామి పక్కనే నిలబడి ఉన్నాడు. కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా.

అలాంటి పందిరికి ముప్పొచ్చింది. వీధిలో బోర్లన్నీ ఉప్పెక్కాయి. ఆ నీళ్ళు పోసేకొద్దీ మల్లె ఆకులు అంచుల్లో కాలినట్టు మాడిపోయాయి. కుళాయిలో వచ్చే మంచినీళ్ళు తాగడానికీ వంటకీ బొటాబొటీ.

"తాగే నీళ్ళు చెట్టుకు పోస్తే మనమేం తాగేది?" అన్నాడు కుప్పుస్వామి.

"మీరు కాఫీ మానుకోండి, సరిపోతాది," అంది జయలక్ష్మమ్మ. ఆమె వేళాకోళానికి అనలేదు.

అప్పుడే వీధి సంఘానికి తలకాయగా ఉన్న రఘునాథన్, ఆయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఒక ఆదివారం అందరినీ కూర్చోబెట్టి కొత్త ఏర్పాటు గురించి చెప్పాడు. అన్ని ఇళ్ళ మురుగూ పైపుల్లో వచ్చి పార్కు స్థలం కింద ఒక పెద్ద తొట్టిలో పడుతుంది. దాంట్లోకి గాలి కొడతారు. మురికి విడిపోతుంది, నీళ్ళు ఇసకలోంచి వడకట్టుకుని తేటగా బయటికొస్తాయి. ఆ నీళ్ళు ఊదారంగు పైపులో ఇంటింటికీ తిరిగి వస్తాయి, చెట్లకీ బాత్రూముకీ వాడుకోవచ్చు. ఉప్పు ఉండదు.

జయలక్ష్మమ్మ లేచి నిలబడింది. సభ నడిచింది తమిళంలో, మనం మన భాషలోనే చెప్పుకుందాం.

"అంటే ఏంది, మన సాక్కడే, మన మురుగే, మనకు మళ్ళీ ఇస్తారా?"

"చెట్లకమ్మా. తాగడానికి కాదు."

"అదికాదు నేనడిగేది. మా ఇంటిది మా ఇంటికిస్తే సరే. ఊరందరిదీ కలిపి తెచ్చి మా మల్లెచెట్టుకు పోస్తారా?"

రఘునాథన్ పాఠం చెప్పే గొంతు తీశాడు. "అమ్మా, అది మురుగు. దాంట్లో మీది మాది అని ఉండదు."

"ఎందుకుండదు? మా ఇంట్లో గిన్నెలు మూడు మాట్లు కడుగుతాం. అది మురుగు అయినా మా మురుగు!"

మగవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళలో మాత్రం చాలామంది తలలూపారు. ఎవరి మనసులో ఉన్న మాట వాళ్ళు పైకి అనలేక కూర్చుని ఉన్నారు, ఈమె అనేసింది, అంతే. చివరికి మాడిపోతున్న పందిరి కళ్ళముందు మెదిలి జయలక్ష్మమ్మ ఒక మెట్టు దిగింది. సరే, మిగతావాళ్ళది కలిస్తే కలవనీ, కానీ పన్నెండో నంబరింటి పైపు మాత్రం కలపకూడదు.

పన్నెండో నంబరు కయల్విళిది. వైతికుప్పం అనే జాలరిపేటలో పుట్టిన పిల్ల. తెల్లారకముందే తేంగాయితిట్టు హార్బరుకు పోయి వేలంలో చేపలు పాడుకుని హోటళ్ళకి వ్యాన్లో వేస్తుంది, మిగిలినవి వీధిలో అమ్ముతుంది. పెట్టెలు ఇంటి వెనక కడుక్కుంటుంది. అంతకుముందు ఏడు ఒకనాడు ఈ పిల్ల పాలు తోడు పెట్టడానికి చెంచాడు మజ్జిగ అడగడానికి జయలక్ష్మమ్మ గేటు దగ్గరికి వచ్చింది. "శుక్రవారం తోడు ఇయ్యకూడదమ్మా, ఇంట్లో లక్ష్మి బయటికి పోతాది," అని చెప్పి పంపేసింది జయలక్ష్మమ్మ. శనివారం రమ్మని అనలేదు, ఆ పిల్లా రాలేదు. వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మాటలు మొత్తం అవే.

"మీన్లు కడిగిన నీళ్ళు ద్రౌపదమ్మ మాలకి పోస్తారా?" అంది ఇప్పుడు జయలక్ష్మమ్మ, అందరి ముందరా.

 ఆ కూర్చున్నవాళ్ళలో సగంమంది ఆ పొద్దున కయల్విళి దగ్గర కొన్న వంజరం పులుసు తినే వచ్చారు. వెనక వరసలో ఉన్న కయల్విళి లేచింది. మొహం ఎర్రబడింది గానీ గొంతు పెంచలేదు. "నాకొద్దు సార్. నాకు నా ఇంటి వెనక సెప్టిక్ తొట్టి ఉంది," అని చెప్పి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. తీర్మానం చప్పట్లతో ముగిసింది.

ప్లాంటు కట్టారు. కొత్తలో వచ్చిన నీళ్ళు చూసి జయలక్ష్మమ్మే నోరు తెరిచింది. తేటగా ఉన్నాయి, వాసన లేదు. ముక్కు మూసుకునే పందిరికి పోసింది, చిగుర్లు వచ్చాక ముక్కు వదిలేసింది. బతికాంరా దేవుడా అనుకుంది.

అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. ఒకరోజు ప్లాంటు చూసుకునే ఏలుమలై తొట్టి మూత తీసి ఉంచాడు. జయలక్ష్మమ్మ అటుగా పోతూ తొంగి చూసింది.  ఒక్కో ఇంటి పైపు గోడలోంచి బయటికి వచ్చి తొట్టిలో పడుతోంది, ఒక్కో పైపు మీద ఇంటి నంబరు తెల్ల రంగుతో ఇంతింత లావున రాసి ఉంది. ఏడు అని రాసిన తమ ఇంటి పైపు సరిగ్గా మధ్యలో ఉంది.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది. "మన మానం పోయిందండీ," అంది మొగుడితో.

"ఏమైంది?"

"మన ఇంటిది నలుగురూ చూసే చోటికి పోతా ఉంది. నంబరు వేసి మరీ పెట్టినారు. వాడు రోజూ మూత తీసి చూస్తాడు. ఏడో నంబరుది ఎట్లా ఉందో అని అనుకోడా?"

"అందరిదీ ఒకటేలా ఉంటాదే."

"మీకట్లా ఉంటాది. నాకట్లా ఉండదు," అంది.

ఆ సాయంత్రమే మొదలైంది. పొద్దున లేవగానే ఫినాయిలు, స్నానాలయ్యాక ఆసిడు, పడుకునే ముందు బ్లీచింగు పౌడరు. ఫినాయిలు వాసన ఘాటుగా ఉందని పైన ఒక చెంబుడు పసుపు నీళ్ళు. కడగడం బాత్రూము కోసం కాదు ఇప్పుడు. గడప దాటి పోయే మురుగును, పిల్లను బడికి పంపేముందు తల దువ్వినట్టు, ముస్తాబు చేసి పంపేది. నలుగురిలోకి పోతోంది కదా మరి.

మనసులో దాచుకునే మనిషి కాదు. సాయంకాలం గేట్ల దగ్గర నిలబడి ఇంటింటి ఆడవాళ్ళకీ చెప్పింది. "మీ పైపు చూసుకున్నారా? నాలుగో నంబరుది చూస్తే కడుపులో తిప్పేసింది. మాది పోయి చూడండి, ఎట్లా ఉందో." అంతే, వీధి అంటుకుంది. నాలుగో నంబరు వాళ్ళు మరుసటి రోజు పొద్దునే ఆసిడు డబ్బా తెచ్చారు. తొమ్మిదో నంబరు వాళ్ళు అంతకంటే పెద్ద డబ్బా తెచ్చారు. మూల కొట్లో ఫినాయిలు దొరకడం మానేసింది. పన్నెండో నంబరింటికి మాత్రం ఈ సువార్త చేరలేదు. ఆ గేటు దగ్గర జయలక్ష్మమ్మ ఆగదు కదా.

ఎండలు ముదిరేసరికి ఊదా పైపులో నీళ్ళు మసకబారాయి. తర్వాత నల్లబడ్డాయి. తర్వాత వాసన మొదలైంది, అది మామూలు వాసన కాదు, ఒక పక్క మురుగు, ఒక పక్క ఆసుపత్రి. పార్కు పక్క ఇళ్ళవాళ్ళు కిటికీలు బిగించుకున్నారు. ఏలుమలై తొట్టిలో పేడ కలిపాడు, గాలి ఎక్కువ కొట్టాడు, లాభం లేకపోయింది. వాసన పెరిగేకొద్దీ ఆడవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు ఇంకో మూత ఫినాయిలు ఎక్కువ పోశారు. జయలక్ష్మమ్మ రెండు మూతలు పోసింది.

పందిరి మళ్ళీ ఆకు రాల్చడం మొదలుపెట్టింది. ఈసారి మాడడం కాదు, పసుపు తిరిగి రాలిపోవడం. ఆడి నెల దగ్గర పడుతోంది. జయలక్ష్మమ్మ రాలిన ఆకులు ఊడుస్తూ ఏడ్చింది. మొగుడు చూడకుండా ఏడ్చింది, కానీ ఆయన చూశాడు. ఆ రోజు కాఫీ తాగకుండా ఆ నీళ్ళు తీసుకుపోయి పందిరి మొదట్లో పోశాడు.

చివరికి ప్లాంటు కట్టిన కంపెనీ అనుప్రియ అనే ఇంజనీరు పిల్లను పంపింది. ఒక గురువారం పొద్దున వచ్చి, ఇంటింటి పైపు నీళ్ళూ సీసాల్లో పట్టుకుని ఏవేవో మందులు కలిపి చూసింది. సాయంత్రం సంఘం కూర్చుంది.

"ఏడో నంబరు ఎవరిది?" అని అడిగింది అనుప్రియ.

జయలక్ష్మమ్మ కొంగు సర్దుకుంది.

"ఇట్లాంటి మురుగు నేను ఏ ఇంట్లోనూ చూడలేదు. ఒక్క క్రిమి లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు."

జయలక్ష్మమ్మ లేచి నిలబడింది. నాలుగో నంబరు వైపు ఒకసారి, తొమ్మిదో నంబరు వైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత తన పద్ధతి మొదటినుంచీ చెప్పింది. పొద్దున ఏది, మధ్యాహ్నం ఏది, రాత్రి ఏది, పసుపు నీళ్ళు ఎందుకు. "నేను చెప్పబట్టే వీధి మొత్తం ఇప్పుడు ఇట్లాగే చేస్తా ఉండారు. ముందు వీళ్ళెవురికీ తెలీదు," అంది. కుప్పుస్వామి కుర్చీ కింద తన చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

అనుప్రియ అంతా విన్నది. "అమ్మా, ప్లాంటు చచ్చిపోయింది అందుకే," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆ పిల్ల విడమర్చి చెప్పింది. తొట్టిలో పని చేసేది మోటారు కాదు, కంటికి కనిపించని క్రిములు. మురికిని తినేది అవి. అవి తింటేనే నీళ్ళు తేటబడతాయి. వాటికి తిండి పెట్టాల్సిన ఇళ్ళన్నీ కలిసి రోజుకు మూడు పూటలా విషం పెట్టాయి. "మురుగు మురుగులా వస్తేనే నీళ్ళవుతుందమ్మా. మీరు మురుగు పంపలేదు."

వీధి మొత్తం జయలక్ష్మమ్మ వైపు తిరిగింది. "ఈమె చెప్తేనే కదా మేం పోసింది!" అంది నాలుగో నంబరు. జయలక్ష్మమ్మ కూర్చుంది. ఆమెను ఇంతకాలం ఎన్నో అన్నారు, చాదస్తం అన్నారు, నోరు ఎక్కువ అన్నారు. శుభ్రంగా ఉండడం తప్పని ఎవరూ అనలేదు. పనికొచ్చే మాట ఒక్కటే అడిగింది. "ఆడి ఆఖరి శుక్రవారానికి నీళ్ళు బాగుపడతాయా?"

"తోడు పెట్టాలి," అంది అనుప్రియ. "పాలలో మజ్జిగ వేసినట్టు, క్రిములు బతికున్న మురుగు తెచ్చి దీంట్లో వెయ్యాలి. వేరే ప్లాంటు నుంచి ట్యాంకరులో తేవాలంటే అనుమతులకే ఆడి సగం దాటిపోతుంది. ఈ వీధిలో ఫినాయిలు తగలని తొట్టి ఏదైనా ఉందా?"

అందరూ ఒక్కసారిగా పన్నెండో నంబరింటి వైపు చూశారు.

"నేనడగను," అన్నాడు రఘునాథన్. "ఆ పిల్లను వద్దన్నది మీరు. మీరే పోయి అడగండి."

జయలక్ష్మమ్మకి కంటిమీద కునుకు పట్టలేదు. తెల్లారి కయల్విళి హార్బరు నుంచి వచ్చే వేళకి పన్నెండో నంబరు గేటు దగ్గర నిలబడింది, లోపలికి పోలేదు. వ్యాను దిగిన కయల్విళి ఆమెను చూసి బెదిరిపోయింది. "ఏమ్మా, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?"

"అదేం లేదు. మీ ఇంట్లోది కొంచెం కావాల."

"ఏంది కావాల?"

"మీ తొట్టిలోది."

కయల్విళి చేతిలో పెట్టె కింద పెట్టింది. జయలక్ష్మమ్మ మెడ వంచి చెప్పింది, ప్లాంటు చెడిపోయిందనీ, తోడు కావాలనీ, ఇంజనీరమ్మ వచ్చి మూత తీసి తీసుకుంటుందనీ. తోడుగా ఈ తొట్టే ఎందుకు అనేది మాత్రం నోటికి రాలేదు. తన ఫినాయిలే వీధిని ముంచిందని ఈ పిల్ల ముందర ఒప్పుకోవడమా? అది ఒక్కటీ మింగేసింది.

కయల్విళి చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఇస్తానమ్మా. కానీ ఈరోజు శుక్రవారం కదా," అంది. "తోడు ఇంట్లోంచి పోకూడదన్నారే మీరు. రేపు రండి."

ఆ మొహంలో వెటకారం ఉందేమోనని జయలక్ష్మమ్మ వెతికింది. కనపడలేదు, నిజంగానే అన్నట్టుంది. వెటకారమైతే తిట్టైనా తిట్టేది. వచ్చిన దారినే ఇంటికి వచ్చేసింది. శుక్రవారం పూజలో దీపం పెడుతూ అత్తగారి ఫోటో వైపు చూడలేదు.

శనివారం పొద్దున అందరూ కలిసి వెళ్ళారు. ముందు అనుప్రియ, పక్కన రఘునాథన్, వెనక డ్రమ్ముతో ఏలుమలై. జయలక్ష్మమ్మ అందరికంటే వెనక. పన్నెండో నంబరు ముందు వాకిలి కడిగి ఉంది, పెద్ద ముగ్గు వేసి ఉంది. కయల్విళి తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని గేటు తీసి పట్టుకుంది. చేపల పెట్టె ఒక్కటి కూడా కనపడలేదు.

గేటు దగ్గరే జయలక్ష్మమ్మ కాళ్ళు ఆగిపోయాయి. ఆ వాసన ఆమెకి తెలుసు. ఆ వీధిలో ఇంకెవరికంటే ముందు ఆమెకే తెలుసు.

ఏలుమలై మూత తీశాడు. తెల్లటి నురగ, కళ్ళు మండించే ఘాటు. అనుప్రియ దగ్గుతూ వెనక్కి జరిగింది.

"బాగుందా అమ్మా?" అంది కయల్విళి, జయలక్ష్మమ్మ వైపే చూస్తూ. "హార్బర్లో వేలం అరుగులు కడిగే బ్లీచింగు ఉంటాది కదా, ఒక మూట అడిగి తెచ్చి నిన్న సాయంత్రం మొత్తం పోసేసినాను. మీరందరూ వచ్చి మూత తీస్తే మీన్ల వాసన రాకూడదు కదా. ఒకమాటు పదిమంది ముందర అనిపించుకున్నాను. మళ్ళీ అనిపించుకోలేనమ్మా."

రఘునాథన్ తల పట్టుకున్నాడు. అనుప్రియ ఏదో గట్టిగా అనబోయింది. "ఎంత పని చేశావు, ఎవరైనా..."

"ఆ పిల్లనేమీ అనొద్దు!" అని అరిచింది జయలక్ష్మమ్మ. అందరూ ఉలిక్కిపడ్డారు, ఆమె కూడా. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బ్లీచింగు ఘాటుకే అని చెప్పుకోవచ్చు గానీ, కాదు. పందిరి పోయింది, మాల పోయింది. కానీ తెల్లారకముందే లేచి చేపల వేలం పాడే పిల్ల, సాయంత్రం కూర్చుని మూటెడు బ్లీచింగు తొట్టిలో పోస్తూ ఏమనుకుని ఉంటుందో ఆమెకి మాటకు మాట తెలుసు. ఆ మాటలన్నీ తనవే.

గేటు దాటి లోపలికి వచ్చి అరుగు మీద కూర్చుంది. "ఎంత బాగా కడిగినావే," అంది. "నాకు కూడా ఇంత బాగా రాదు. కాఫీ ఉంటే పెట్టు. నీకొక సంగతి చెప్పాల." అప్పుడు చెప్పింది, అంతకుముందురోజు మింగేసిన మాట. కయల్విళి గరిటె పట్టుకుని వింటూ నిలబడిపోయింది. పాలు పొంగిపోయాయి.

ట్యాంకరు అనుమతులన్నీ తెచ్చుకుని ఆడి మధ్యలో వచ్చింది. ఈసారి పన్నెండో పైపు కూడా కలిపారు. ఆ నంబరు తొట్టిలో రాయించింది జయలక్ష్మమ్మే, ఏడో నంబరు పక్కన, అదే లావున. ఇప్పుడు సాయంకాలం ఆమె గేట్ల దగ్గర ఆగి ముక్కు ఎగబీలుస్తుంది. "ఎవురింట్లో ఫినాయిలు వాసన వస్తా ఉంది? సిగ్గు లేదా మీకు?" అని అరుస్తుంది. నాలుగో నంబరు వాళ్ళు తలుపేసుకుంటారు. తన ఇంట్లో మాత్రం బాత్రూములో వట్టి నీళ్ళు పోసి, కళ్ళు మూసుకుని, గబగబా బయటికొచ్చేస్తుంది.

ఆడి ఆఖరి శుక్రవారం వచ్చింది. పందిరి మోడుగా ఉంది. వంతు రఘునాథన్ ఇంటికి పోయింది. వాళ్ళ కుండీ మొక్కలో పూసినవి పట్టుమని మూర కూడా కాలేదు. మిగతా మాల పెద్ద మార్కెట్టుదని గుళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. జయలక్ష్మమ్మ కూడా అనలేదు, అది ఆమెకి చాలా కష్టమైంది.

ఉత్త చేతులతో అమ్మవారి ముందు నిలబడి, తెలుగులో, పెదాలు మాత్రం కదిలేలా చెప్పుకుంది. "తల్లీ, కోపం తెచ్చుకోవద్దు. పందిరి మొదట్లో ఒక చిగురు వచ్చింది. వచ్చే ఏడు మొదటి మాల ఎవురిదైనా కానీ, మా పూలు మాత్రం తెస్తాను. అన్నిళ్ళ నీళ్ళూ కలిపి పోస్తా ఉండా. కయల్విళి మీన్ల నీళ్ళు కూడా దాంట్లో ఉండాయి. నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పేయ్."

చెప్పడానికి అమ్మవారికి తగినంత వ్యవధి ఇచ్చింది. అమ్మవారు ఏమీ అనలేదు. సరే అయితే అనుకుని, బయటికొచ్చి, ప్రసాదంగా కూళు అంబలి పోసే వరసలో కయల్విళి వెనక నిలబడింది.